నాటోలో లేకుండా నాటోతో: ఒక బేరింగు పెట్టె చెప్పే సంగతులు

బెంగళూరు పీణ్యలో విమాన విడిభాగాల పని చేసే వర్క్‌షాపుల్లో కొన్ని పెట్టెల మీద 13 అంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. మొదటి నాలుగు అంకెలు అది ఏ రకం సరుకో చెబుతాయి. 3110 అయితే బేరింగు, 5305 అయితే స్క్రూ, 5310 అయితే నట్టో వాషరో, 5330 అయితే సీలో గ్యాస్కెట్టో. ఆ పక్క రెండు అంకెలు ఆ సరుకుకు మొట్టమొదట నంబరు వేసిన దేశానివి. 00, 01 అమెరికా, 12 జర్మనీ, 14 ఫ్రాన్స్, 99 బ్రిటన్. మిగిలిన ఏడూ వరుస సంఖ్య. ఈ దేశాల పట్టికలో 72 మనది. ఆ 13 అంకెల పేరు నాటో స్టాక్ నంబర్.

నాటోలో మనం లేం. దాని భాగస్వామ్య దేశాల జాబితాలోనూ లేం. అయినా ఆ కూటమి సరుకుల చిట్టాలో మనకో నంబరుంది. సభ్యత్వం లేని దేశానికీ సైనిక కూటమికీ మధ్య సంబంధం ఎలా నడుస్తుందో తెలుసుకోవాలంటే శిఖరాగ్ర సభల ఫొటోలకన్నా ఈ చిట్టా దగ్గర మొదలుపెట్టడమే నయం.

ఎందుకంటే పైపై చర్చ ఎప్పుడూ ఒకే చోట తిరుగుతుంది. 2025 జులైలో నాటో సెక్రటరీ జనరల్ మార్క్ రుట్టె, రష్యాతో వ్యాపారం ఇలాగే సాగితే ఇండియా, చైనా, బ్రెజిల్ మీద సెకండరీ ఆంక్షలు పడొచ్చని హెచ్చరించారు. ద్వంద్వ ప్రమాణాలు వద్దని మన విదేశాంగ శాఖ మర్నాడే బదులిచ్చింది. అలాంటి వార్త వచ్చినప్పుడల్లా బెంగళూరులో మారతహళ్లి, కగ్గదాసపుర వైపు తెలుగు ఇంజనీర్లు టీ తాగే చోట రెండే మాటలు వినిపిస్తాయి. ‘ఈ గొడవంతా ఎందుకు, అందులో చేరిపోతే పోలా’ అని ఒకరు. ‘వాళ్ల నీడ కూడా మన మీద పడకూడదు’ అని ఇంకొకరు. మొదటి మాటకు ఒప్పందమే అడ్డం. రెండో మాటకు ఆ పెట్టె మీది 72 అడ్డం.

ఒప్పందంలో ఏముంది

1949 ఏప్రిల్ 4న వాషింగ్టన్‌లో 12 దేశాలు సంతకం పెట్టిన ఆ ఒప్పందం చాలా చిన్నది. మొత్తం 14 అధికరణాలు. అందులో పదోది కొత్త సభ్యుల సంగతి చెబుతుంది: పిలవదగింది ఐరోపా దేశాన్ని మాత్రమే, అదీ ఉన్న సభ్యులందరూ ఒప్పుకుంటేనే. కాబట్టి ఇండియా చేరాలా వద్దా అన్న చర్చకు, ఒప్పందాన్ని తిరగరాస్తే తప్ప, తావే లేదు. ఈ ఒక్క వాక్యం చదివుంటే సగం టీవీ చర్చలు ఆగిపోయేవి.

ఐదో అధికరణం గురించి అందరూ వినే ఉంటారు. ఒకరి మీద దాడి అందరి మీద దాడి. కానీ దాని తర్వాతి ముక్క తక్కువమంది చదువుతారు. దాడి జరిగితే ప్రతి సభ్య దేశం తనకు అవసరమనిపించిన చర్య తీసుకుంటుంది. సైన్యాన్ని పంపడం ఆ చర్యల్లో ఒకటి కావచ్చు, కాకపోవచ్చు. ఆ అధికరణాన్ని ఇంతవరకు అమల్లోకి తెచ్చింది ఒక్కసారే, 2001 సెప్టెంబరులో అమెరికా మీద దాడుల తర్వాత.

ఆరోది మనకు పాత పరిచయమే. ఐదో అధికరణం ఏ భూభాగానికి వర్తిస్తుందో అది గీత గీస్తుంది: ఐరోపా, ఉత్తర అమెరికా, తుర్కియే, ఉత్తర అట్లాంటిక్‌లో కర్కటరేఖకు పైనున్న దీవులు. గోవాను పట్టుకుని కూచున్న పోర్చుగల్ నాటో వ్యవస్థాపక సభ్యురాలు. 1955 డిసెంబరులో అమెరికా విదేశాంగ మంత్రి డలెస్ పోర్చుగల్ మంత్రితో కలిసి ఇచ్చిన ప్రకటనలో ఆ వలసలను ‘పోర్చుగీసు రాష్ట్రాలు’గా పేర్కొనడంతో ఢిల్లీ భగ్గుమంది. నాటో గోవాకు అడ్డం వస్తుందా అన్న భయం నిజంగానే ఉండేది. 1961 డిసెంబరులో మన సైన్యం గోవాలోకి నడిచినప్పుడు నాటో కదల్లేదు. ఆరో అధికరణం గీసిన గీతకు గోవా చాలా దూరం. 1982లో ఫాక్‌లాండ్స్ కోసం బ్రిటన్ యుద్ధానికి దిగినప్పుడూ లెక్క అదే.

సైనిక ఒప్పందాల్లో చిన్న అక్షరాల్లో ఉండే సంగతి పాకిస్తాన్‌కు ఇంకా బాగా తెలుసు. 1954లో ఆగ్నేయాసియా సైనిక కూటమి సీటోలో చేరింది, మరుసటి ఏడాది పశ్చిమాసియా కూటమి బాగ్దాద్ ఒప్పందంలో. సీటో ఒప్పందానికి అమెరికా ఒక వివరణ తగిలించింది: తమ బాధ్యత కమ్యూనిస్టు దురాక్రమణ వరకే. 1965లోనూ 1971లోనూ ఆ వివరణే ఇస్లామాబాద్‌కు ఎదురొచ్చింది. కూటముల పట్ల ఢిల్లీకి ఉన్న అపనమ్మకాన్ని నెహ్రూ ఆదర్శవాదం ఖాతాలో వేసేవాళ్లు ఈ అనుభవాన్ని మరిచిపోతారు. పొరుగువాడు రెండు కూటముల్లో ఉండి ఏం దక్కించుకున్నాడో మన అధికారులు దగ్గరి నుంచి చూశారు.

బయటివాళ్లలోనూ మెట్లున్నాయి

సభ్యులు కానివాళ్లందరినీ నాటో ఒకే గాటన కట్టదు. 1994లో మొదలైన ‘శాంతి కోసం భాగస్వామ్యం’లో స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, ఐర్లాండ్ లాంటి తటస్థ దేశాలున్నాయి. గల్ఫ్ దేశాలు నాలుగింటికి 2004 నాటి ఇస్తాంబుల్ ఏర్పాటు ఉంది. ‘ప్రపంచవ్యాప్త భాగస్వాములు’ అనే వరుసలో జపాన్, దక్షిణ కొరియా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కొలంబియా, మంగోలియా, ఇరాక్‌తో పాటు పాకిస్తాన్ కూడా ఉంది. ఈ వరుసల వేటిలోనూ ఇండియా లేదు. పాకిస్తాన్ ఉండి ఏం సాధించిందని అడిగితే, ప్రధానంగా అఫ్గానిస్తాన్ యుద్ధకాలపు సరఫరా దారులే జవాబు.

ఈ మెట్లను ఎలా ఎక్కవచ్చో ఫిన్లాండ్‌ను చూస్తే తెలుస్తుంది. 1992లోనే 64 అమెరికన్ హార్నెట్ యుద్ధ విమానాలు కొనాలని నిర్ణయించింది. 1994 మేలో భాగస్వామ్యంలో చేరింది. ఆ తర్వాత ప్రణాళికా సమీక్షలోకి వచ్చింది. ఈ సమీక్షలో నాటో ఒక ప్రశ్నావళి పంపుతుంది: మీ రేడియోలు ఏ పౌనఃపున్యంలో పనిచేస్తాయి, మీ దళం ఎన్ని రోజుల్లో కదలగలదు, మీ ఇంధనం ఏ కోడుది, మీ మ్యాపులు ఏ గ్రిడ్‌లో ఉన్నాయి. జవాబులను బట్టి లక్ష్యాలు పెడతారు, తర్వాతి విడతలో వాటిని మళ్లీ చూస్తారు. 2014లో, నాటో దళాలు తమ నేల మీదకు వస్తే ఆతిథ్యం ఎలా ఇవ్వాలో చెప్పే ఒప్పందం మీద సంతకం పెట్టింది. 2021 డిసెంబరులో 64 ఎఫ్-35లను ఎంచుకుంది. 2022 మే 18న సభ్యత్వానికి దరఖాస్తు పెట్టి 2023 ఏప్రిల్ 4న సభ్యురాలైంది. పదకొండు నెలలైనా పట్టలేదని అందరూ ఆశ్చర్యపోయారు గానీ, దాని వెనక దాదాపు ముప్పై ఏళ్ల చాకిరీ ఉంది. అదే రోజు దరఖాస్తు పెట్టిన స్వీడన్‌కు తుర్కియే, హంగరీ మోకాలడ్డడంతో 2024 మార్చి దాకా పట్టింది. ఏకాభిప్రాయం అంటే అదీ.

సెర్బియాది ఇంకో దారి. 1999లో నాటో 78 రోజులపాటు బాంబులు వేసిన దేశం అది. అయినా 2006 డిసెంబరులో భాగస్వామ్యంలో చేరింది. మరుసటి ఏడాది డిసెంబరులోనే పార్లమెంటు తీర్మానంతో సైనిక తటస్థత ప్రకటించుకుంది. నాటోతోనూ, రష్యాతోనూ విన్యాసాలు చేసింది. ఇక ఉక్రెయిన్: 2008 బుకారెస్ట్ సభలో, ఎప్పుడో ఒకనాడు సభ్యురాలవుతుందని మాటిచ్చారు, తేదీ చెప్పలేదు, అప్పటిదాకా రక్షణ ఎవరిదో చెప్పలేదు. నాటో విస్తరణ ఘోరమైన తప్పవుతుందని 1997లోనే రాసిన అమెరికన్ దౌత్యవేత్త జార్జ్ కెన్నన్ వాదనతో ఏకీభవించేవాళ్లలోనూ, ఏకీభవించనివాళ్లలోనూ చాలామంది ఒక్క విషయం ఒప్పుకుంటారు. ఆ తేదీ లేని హామీ అన్ని ఏర్పాట్లలోకీ అధ్వానమైంది.

వాషింగ్టన్ చట్టాన్ని నాటో అనుకోవడం

మన పత్రికల్లో ఎక్కువ తికమక ఇక్కడే. ‘నాటో ప్లస్‌లోకి ఇండియా’ అన్న శీర్షిక 2023లో తెగ తిరిగింది. నాటోకు అలాంటి విభాగమే లేదు. అది అమెరికా ఆయుధ ఎగుమతి చట్టంలో ఒక జాబితాకు పెట్టుకున్న ముద్దుపేరు: నాటో సభ్యులు, వాటికి తోడు జపాన్, ఆస్ట్రేలియా, దక్షిణ కొరియా, ఇజ్రాయెల్, న్యూజిలాండ్. 2023 మేలో అమెరికా ప్రతినిధుల సభకు చెందిన చైనా కమిటీ అందులో మనల్నీ కలపాలని సిఫారసు చేసింది. జూన్‌లో విదేశాంగ మంత్రి జైశంకర్, ఆ నమూనా ఇండియాకు సరిపడదని తేల్చేశారు.

ఇంతకీ ఆ జాబితాలో ఉంటే దక్కేదేమిటి? చాలా ఏళ్లుగా నడిచిన లెక్క ఇది. పెద్ద ఆయుధ వ్యవస్థ అమ్మకం విలువ 1.4 కోట్ల డాలర్లు దాటితే అమెరికా ప్రభుత్వం తమ కాంగ్రెస్‌కు 30 రోజుల ముందు తెలపాలి. జాబితాలోని దేశాలకైతే ఆ గీత 2.5 కోట్లు, గడువు 15 రోజులు. ఇతర రక్షణ సామగ్రికి మామూలు గీత 5 కోట్లు, జాబితా దేశాలకు 10 కోట్లు. ఈ గీతలను ఇంకా పైకి జరపాలన్న ప్రయత్నాలు అక్కడ సాగుతున్నాయి. పెద్ద కొనుగోలుకు మన వైపు ఫైలు కదలడానికే ఏళ్లు పడుతుంది. అలాంటప్పుడు అటువైపు 15 రోజులు మిగలడం ఏమంత లాభం? విడిభాగాల చిన్న ఆర్డర్లు పదేపదే పెట్టాల్సి వచ్చినప్పుడే ఆ గీత ఎత్తు కొంచెం పనికొస్తుంది.

‘నాటోయేతర ప్రధాన మిత్రదేశం’ కూడా ఇదే బాపతు. 2004లో పాకిస్తాన్‌కు ఆ హోదా ఇచ్చింది నాటో కాదు, అమెరికా అధ్యక్షుడు. మనకు 2016లో ‘ప్రధాన రక్షణ భాగస్వామి’ అని ప్రత్యేకంగా ఒక పేరు కుట్టారు. 2018లో సాంకేతిక ఎగుమతుల్లో దగ్గరి మిత్రులుండే పై శ్రేణిలోకి చేర్చారు. ఇవన్నీ అమెరికా గజెట్‌తో వచ్చినవి, దానితోనే పోగలవి.

అరక్కోణం విమానంలో పెట్టెలు మార్చిన కథ

కూటమిలో లేకపోవడం అంటే యంత్రం లోపల ఏం జరుగుతుందో చూడాలంటే చెన్నైకి పడమటనున్న అరక్కోణం వెళ్లాలి. అక్కడి ఐఎన్‌ఎస్ రాజాలీలో నౌకాదళపు పీ-8ఐ విమానాలున్నాయి. జలాంతర్గాములను వేటాడే ఈ బోయింగ్ విమానాలు ఎనిమిదింటికి 2009 జనవరిలో ఆర్డర్ ఇచ్చాం. మొదటిది 2013లో దిగింది. తర్వాత మరో నాలుగు కొన్నాం.

అమెరికా నౌకాదళం వాడే పీ-8లో రహస్య సంభాషణకు, లక్ష్యాల సమాచారం పంచుకోవడానికి, తనా పరా తేల్చుకోవడానికి అమెరికా గూఢలిపి పెట్టెలుంటాయి. వాటిని ఇవ్వాలంటే సమాచార భద్రతా ఒప్పందం ఉండాలన్నది వాళ్ల చట్టం. 2009లో మనం అది చెయ్యలేదు. దాంతో మన విమానంలో ఆ పెట్టెల జాగాలో మన పెట్టెలు కూచున్నాయి. లక్ష్యాల సమాచారం పంచుకునే డేటా లింకు, తనా పరా తేల్చే ఐఎఫ్‌ఎఫ్ ఇంటరాగేటరు బెంగళూరు బీఈఎల్‌వి. మాటను గుప్తంగా మార్చే పరికరం హైదరాబాద్ ఈసీఐఎల్‌ది. ఉపగ్రహ సమాచార వ్యవస్థ అవాంటెల్ అనే కంపెనీది. ఆయుధాల అర తలుపులు హెచ్‌ఏఎల్ చేసింది. పరికరాల క్యాబినెట్లు పీణ్యలోని డైనమాటిక్ కంపెనీ చేసింది. తెలుగు ఇంజనీర్ల చెయ్యి పడని పెట్టె అందులో తక్కువేనేమో.

ఇది గర్వపడదగిన సంగతే. కానీ దీనికి కట్టిన ఖరీదు కూడా చెప్పుకోవాలి. ఐఎఫ్‌ఎఫ్ పనితీరు సులువు: ఒక విమానం ప్రశ్న పంపుతుంది, రెండోది సరైన జవాబిస్తే మనవాడు. ప్రశ్నా జవాబూ రెండూ తాళంచెవి లాంటి ఒక అంకెల వరుస మీద నడుస్తాయి, ఆ వరుస తరచూ మారుతుంది. ఇద్దరి దగ్గరా ఒకే వరుస లేకపోతే పక్కన ఎగురుతున్నది మిత్రుడే అయినా తెర మీద గుర్తు తెలియని చుక్క. డేటా లింకు సంగతీ అంతే. లింకు కలవకపోతే రెండు దేశాల పీ-8లు ఒకే సముద్రం మీద ఒకే జలాంతర్గామిని వెదుకుతూ, పైలట్లు మామూలు రేడియోలో అక్షాంశ రేఖాంశాలు చదివి వినిపించుకోవాలి. వినేవాడు వింటాడు, శత్రువు కూడా వింటాడు.

2018 సెప్టెంబరులో ఢిల్లీలో ఆ సమాచార భద్రతా ఒప్పందం, కామ్‌కాసా, మీద సంతకాలు పడ్డాక ఈ చిక్కుకు దారి దొరికింది. పదేళ్ల గడువుతో చేసుకున్న ఒప్పందం అది. అంతకు ముందు 2016లో ఇంధనం, మరమ్మతుల వంటి సరఫరాలకు లెమోవా, ఆ తర్వాత 2020 అక్టోబరులో మ్యాపుల సమాచారానికి బెకా. వీటన్నిటికన్నా పాతది 2002 నాటి సమాచార గోప్యతా ఒప్పందం. బెకా జరిగిన మరుసటి నెలలోనే అరక్కోణానికి రెండు అమెరికన్ డ్రోన్లు లీజు మీద వచ్చాయి. ఈ నాలుగు ఒప్పందాలూ అమెరికాతోనే, నాటోతో కాదు. అయితే వాటి వల్ల వచ్చే పెట్టెలు, తాళంచెవులు, సందేశాల నమూనాలు నాటో దేశాలన్నీ వాడే బాణీలోవి. సంతకం ఒకరితో, పొత్తు కుదిరేది పదిమందితో. నాటోతో మన సంబంధం ఎక్కువ భాగం ఇలా పక్కదారిలో వచ్చిందే.

దీనికి పెట్టే షరతులు కూడా తేలిగ్గా తీసుకోవద్దు. ఆ గూఢలిపి పరికరం ఎక్కడుందో, ఎవరి అధీనంలో ఉందో ఎప్పటికప్పుడు లెక్క చూపాలి, తనిఖీకి ఒప్పుకోవాలి. అందుకే ఒకే విమానంలో మన పెట్టె, వాళ్ల పెట్టె రెండూ ఉంచుకోవడం తెలివైన పని అన్నది ఈ రంగంలో పనిచేసేవాళ్లలో చాలామంది మాట. బరువు పెరుగుతుంది, తీగలు పెరుగుతాయి, పరీక్షలు రెండింతలవుతాయి. అయినా ఏదో ఒక రోజు అవతలివాడు తాళంచెవి ఇవ్వనంటే విమానం మూగబోదు.

ఇంజన్ దగ్గర కూటమి ఎందుకు ఆదుకోదు

బెంగళూరులో నాటో చర్చ వస్తే చివరికి తేలేది తేజస్ ఇంజన్ దగ్గరే. 83 తేజస్ మార్క్-1ఏలకు 2021 ఫిబ్రవరిలో యలహంక ఏరో ఇండియా ప్రదర్శనలో ఒప్పందం కుదిరింది. అదే ఏడాది ఆగస్టులో 99 ఎఫ్404 ఇంజన్లకు అమెరికా కంపెనీ జీఈకి 71.6 కోట్ల డాలర్ల ఆర్డర్ వెళ్లింది. మొదటి విమానం 2024 మార్చికల్లా అందాలి. ఆ వరుసలో మొదటి ఇంజనే 2025 మార్చిలో గానీ రాలేదు.

దీన్ని అమెరికా కుట్రగా చెప్పేవాళ్లున్నారు. జీఈ చెప్పిన కారణం అంతకన్నా పొడిగా, అంతకన్నా పాఠం నేర్పేలా ఉంది. మార్క్-1 కోసం 65 ఇంజన్లు 2016 నాటికి ఇచ్చేశారు. కొత్త ఆర్డర్ లేదు, ఉత్పత్తి వరుస మూసేశారు. ఐదేళ్ల తర్వాత ఆర్డర్ వచ్చేసరికి ఆ ఒక్క రకానికి పోత పోసేవాడు, బ్లేడు చేసేవాడు, పరీక్షించేవాడు అందరూ వేరే పనుల్లో పడిపోయారు. చెదిరిన సరఫరా గొలుసును మళ్లీ కట్టుకోవాలి, పైగా అది కోవిడ్ కాలం. 2016 నుంచి 2021 దాకా ఆర్డర్ పెట్టకుండా కూచున్నది మనం. నాటో సభ్యత్వం ఉన్నా ఆ ఐదేళ్ల ఖాళీ పూడేది కాదు.

తుర్కియే కథ చూస్తే ఇది ఇంకా స్పష్టం. 1952 నుంచి నాటో సభ్యురాలు. ఎఫ్-35 తయారీలో భాగస్వామి, వందలాది భాగాలు అక్కడే తయారయ్యేవి. రష్యా ఎస్-400 కొన్నందుకు 2019లో ఆ కార్యక్రమం నుంచి వెళ్లగొట్టారు, 2020 డిసెంబరులో, రష్యా ఆయుధాలు కొనేవాళ్లను శిక్షించే అమెరికా చట్టం కింద, ఆంక్షలూ వేశారు. అదే ఎస్-400ను 2018లో 543 కోట్ల డాలర్లకు కొన్న ఇండియా మీద ఆ చట్టం కింద ఆంక్షలు పడలేదు. లోపలున్నవాడికి దెబ్బ, బయటున్నవాడికి మినహాయింపు! తుర్కియే సొంతంగా చేసుకుంటున్న కాన్ యుద్ధ విమానం 2024 ఫిబ్రవరిలో ఎగిరింది జీఈ ఇంజన్లతోనే. ఆ ఇంజన్ల లైసెన్సులు అమెరికా కాంగ్రెస్‌లో ఆగాయని 2025లో వాళ్ల విదేశాంగ మంత్రే వాపోయారు. తేజస్ మార్క్-2 ఎఫ్414 ఇంజన్ కోసం ఎదురుచూస్తున్న బెంగళూరుకూ తుర్కియే రాజధాని అంకారాకూ మధ్య తేడా ఎంత?

కింది స్థాయిలో, పీణ్య వర్క్‌షాపు మెట్టు మీద, ఇదే లైసెన్సు ఇంకో రూపంలో ఎదురవుతుంది. అమెరికా రక్షణ కంపెనీ నుంచి ఆర్డర్ వస్తే డ్రాయింగు చేతికి రాకముందే అక్కడి విదేశాంగ శాఖ ఇచ్చిన లైసెన్సో, అది ఆమోదించిన ఒప్పందమో ఉండాలి. అందులో పని చేసే ప్రతి కంపెనీ పేరూ ఉండాలి. పొరపాటు జరిగేది సరిగ్గా ఇక్కడే. మన దగ్గర మిల్లింగు ఒక చోట, హీట్ ట్రీట్‌మెంట్ పక్క వీధిలో, ప్లేటింగు ఇంకో చోట చేయించడం అలవాటు. పేరు రాయని ప్లేటింగు షాపుకు డ్రాయింగు జిరాక్సు వెళ్లినా, ఫోనులో ఫొటో తీసి పంపినా ఉల్లంఘనే. పాడైన భాగాన్ని తుక్కు కొట్టుకు అమ్మేయడమూ అంతే. దాన్ని గుర్తుపట్టలేనంతగా కోసి, కోసినట్టు రాసిపెట్టాలి. సభ్య దేశాల వర్క్‌షాపులకూ ఈ చట్టం ఉంది. కెనడాకు కొన్ని మినహాయింపులున్నాయి, ఆస్ట్రేలియా, బ్రిటన్‌లకు ఇటీవల వచ్చాయి. మిగతా నాటోకు అవి లేవు.

ఇంధనం, ఓడ మరమ్మతు

నీళ్ల మీద పని ఇంతకన్నా సాఫీగా సాగుతోంది. 2020 జనవరిలో ఇండియన్ ఆయిల్, నౌకాదళం కలిసి ఓడల డీజిల్‌కు కొత్త ప్రమాణం తెచ్చాయి. అంతర్జాతీయ, నాటో నిబంధనలు చూసి 22 పరీక్షలు పెట్టారు: సీటేన్ సంఖ్య, ఫ్లాష్ పాయింట్, గంధకం, మడ్డి వగైరా. లెమోవా కింద విదేశీ ఓడ వచ్చి ఇంధనం అడిగితే వాళ్ల ఇంజనీరు నమూనా చూసి మొహం చిట్లించకుండా ఉండాలంటే ఇది కావాలి. 2022 ఆగస్టులో అమెరికా సరఫరా నౌక చార్లెస్ డ్రూ మరమ్మతు కోసం చెన్నై దగ్గరి కాట్టుపల్లి యార్డుకు వచ్చింది. అమెరికా నౌకాదళపు ఓడ మన దేశంలో మరమ్మతుకు ఆగడం అదే మొదలు. 2024 ఆగస్టులో కోయంబత్తూరు దగ్గర సూళూరులో జరిగిన తరంగ్ శక్తి విన్యాసాలకు ఫ్రాన్స్, జర్మనీ, బ్రిటన్, స్పెయిన్ విమానాలు దిగాయి. నాలుగూ నాటో దేశాలే, నాటో జెండా మాత్రం లేదు.

ఇదే పనిలో రష్యాను వదిలిపెట్టలేదు. సైనిక సరఫరాల పరస్పర ఒప్పందం 2025 ఫిబ్రవరిలో మాస్కోతోనూ కుదిరింది. అదే నెల యలహంకలో అమెరికా ఎఫ్-35, రష్యా సుఖోయ్-57 ఒకే ప్రదర్శనకు వచ్చాయి. అంతకు రెండు నెలల ముందు నౌకాదళంలో చేరిన ఐఎన్‌ఎస్ తుశిల్‌ది ఇంకా విచిత్రం: ఓడ కట్టింది రష్యాలో, గ్యాస్ టర్బైన్లు ఉక్రెయిన్‌వి. యుద్ధం చేసుకుంటున్న ఇద్దరి సరుకూ ఒకే ఓడలో తెచ్చుకున్న దేశాన్ని కూటమి రాజకీయాల కొలతబద్దతో కొలవడం కష్టమే.

మాట్లాడాలా వద్దా

నిపుణుల మధ్య అసలు తగాదా మిగిలింది ఇక్కడ. సి. రాజామోహన్ లాంటి విశ్లేషకులు నాటోతో నేరుగా మాట్లాడాలని ఎప్పటినుంచో రాస్తున్నారు. చైనా, రష్యా కూడా ఆ కూటమితో మాట్లాడిన కాలముంది; పాకిస్తాన్ భాగస్వామిగా ఉంది; మనమొక్కరమే మొహం తిప్పుకుంటే మన గురించి వాళ్లకు చెప్పేది ఇంకెవరో అవుతారు. నిజానికి 2019 డిసెంబరు 12న బ్రసెల్స్‌లో తొలి రాజకీయ సంభాషణ గుట్టుగా జరిగింది. పత్రికల్లోకి వచ్చింది 2022 ఆగస్టులో. చైనా, ఉగ్రవాదం, అఫ్గానిస్తాన్ మాటకు వచ్చాయి. సైనిక సహకారం జోలికి పోకుండా చూసుకున్నారు.

ఎదుటి పక్షం వాదన: నాటోతో కూచుంటే రష్యాకు కోపం, చైనాకు సాకు, మనకు దక్కేది శూన్యం, కావలసినవన్నీ పారిస్‌తోనో వాషింగ్టన్‌తోనో విడిగా దొరుకుతున్నాయి. స్టాక్‌హోమ్ సంస్థ సిప్రి లెక్కలు వీళ్లకు బలమిస్తాయి. మన ఆయుధ దిగుమతుల్లో రష్యా వాటా 2010–14లో 72 శాతం, 2020–24లో 36 శాతం. ఫ్రాన్స్ 33 శాతానికి చేరింది. నాటోతో రక్షణ ఒప్పందమేదీ లేకుండానే ఈ మార్పు వచ్చింది.

తూకం వేస్తే మొదటి పక్షమే కొంచెం మొగ్గుతుంది, ఒక సవరణతో. మాట్లాడాల్సింది రాజకీయ నాయకుల వేదిక మీద అంత కాదు. అక్కడ రుట్టె లాంటి ఒక ప్రకటనతో వాతావరణం చెడుతుంది. 2025 సెప్టెంబరులో మోదీ–పుతిన్ ఫోను సంభాషణ గురించి ఆయనన్న మాటను విదేశాంగ శాఖ నిరాధారమని కొట్టిపారేయాల్సి వచ్చింది. ప్రమాణాలు రాసే సాంకేతిక బృందాల దగ్గర మాత్రం రుజువులు, కొలతలు మాట్లాడతాయి. సరుకుల చిట్టాలో సభ్యేతర దేశాలకు రెండు మెట్లున్నాయి: మొదటి మెట్టు మీదివాళ్లు సమాచారం తీసుకోగలరు, రెండో మెట్టు మీదివాళ్లు తమ సమాచారాన్నీ అందులోకి పంపగలరు. ఆ చిట్టాలో మన వాటా పెరగాలంటే సర్కారు చెయ్యాల్సిన పని ఒకటుంది, ఎవరికీ ఇష్టంలేని పని. గిడ్డంగుల్లోని ఒక్కో సీలు వ్యాసం, పదార్థం, ఉష్ణోగ్రత పరిమితి కొలిచి రాయాలి. ఒకే ఓ-రింగు మూడు కంపెనీల పేర్లతో, మూడు అరల్లో, మూడు ధరలకు పడి ఉండటం అప్పుడే బయటపడుతుంది. వస్తువు పేరు తప్పుగా ఎంచుకుంటే కొలతలన్నీ సరిగా ఉన్నా వెదికినప్పుడు దొరకదు. మళ్లీ కొత్తది కొంటారు.

ప్రమాణంతో కలవాలా, విడిపోవాలా అన్న ప్రశ్నకు ఫిరంగుల్లో ఇప్పటికే ఒక జవాబు పోత పోశారు. 155 మిల్లీమీటర్ల ఫిరంగికి కొన్ని నాటో దేశాలు ఒక బాలిస్టిక్ అవగాహన చేసుకున్నాయి: 52 కాలిబర్ గొట్టానికి (అంటే పొడవు లోపలి వ్యాసానికి 52 రెట్లు) గుండును నెట్టే మందు నింపే చాంబరు 23 లీటర్లు. మన డీఆర్‌డీఓ రూపొందించిన ఫిరంగి అటాగ్స్ చాంబరు 25 లీటర్లు. 2025 మార్చిలో 307 ఫిరంగులకు ఒప్పందం కుదిరింది. ఆ రెండు లీటర్ల వల్ల ఇంకో మాడ్యూలు మందు ఎక్కువ పడుతుంది, గుండు ఇంకా దూరం పోతుంది. గుండు వ్యాసం అదే కాబట్టి ఐరోపా గుళ్లు అందులో పట్టే వీలుంది. కానీ గుండు ఎంత దూరం పోతుందో లెక్కగట్టే ఐరోపా ఫైరింగు పట్టికలు దానికి పనికిరావు, ఏడో జోన్ మందు, అంటే ఆ అదనపు మాడ్యూలు కలిపిన మోతాదు, మనం చేసుకోవాల్సిందే, 23 లీటర్ల ఫిరంగి ఉన్న దేశానికి ఆ ఏడో జోన్ అమ్మలేం.